అమ్మ కట్టిన పావురాల బురుజు

అమ్మ పోయిన తరువాత జరిగిన జ్ఞాపకార్థ కూడికలో నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. మాట్లాడాను. అమ్మ వంట గురించి, ఎవరింట్లో జబ్బు చేసినా క్యారేజీ పట్టుకుని బయలుదేరే అలవాటు గురించి, తెల్లవారకముందే లేచి తలమీదుగా చీర కొంగు కప్పుకుని చేసుకునే ప్రార్థన గురించి చెప్పాను. అందరూ తలలూపారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. వచ్చి కుర్చీలో కూర్చున్నాక మా ఆయన నెమ్మదిగా, ఆ పావురాల సంగతి చెబుతావనుకున్నానే అన్నాడు. అమ్మ తన చేతులతో పునాది నుంచి పై దాకా కట్టి నిలబెట్టింది జీవితం మొత్తంలో ఒకే ఒక్కటి. అది ఖతార్‌లో, అల్ ఖోర్ దాటాక ఒక తోటలో, పావురాల కోసం కట్టిన బురుజు. ఆమె గురించి నలుగురిలో చెప్పదగ్గ కథంటూ ఉంటే అదే. కాని ఆ కథ చెప్పాలంటే పరంజా మీద అమ్మ పక్కన నిలబడ్డ పిల్ల గురించి చెప్పాలి. ఆ పిల్ల నేను కాదు. ఇన్నేళ్ళు గడిచినా, అమ్మ మట్టిలో కలిసిపోయినా, ఆ మాట నలుగురి ముందు అనడానికి నాకు నోరు రాలేదు.

నా చిన్నప్పుడు నాన్న ఉద్యోగం అక్కడి ఒక కంపెనీ అకౌంట్స్ ఆఫీసులో. మాకు అల్ ఖోర్‌లో కంపెనీ వాళ్ళ క్వార్టర్ ఇచ్చారు. రెండు గదులు, ఒక హాలు, కిటికీలో ఏసీ. ఆ ఏసీ నుంచి కారే నీళ్ళను అమ్మ బకెట్టులో పట్టి, పాలపొడి డబ్బాల్లో వేసుకున్న కొత్తిమీరకీ కరివేపాకు మొక్కకీ పోసేది. ఆమె ఎండు రొయ్యలు వేయించిన రోజు తలుపులు తీసే వీలు లేక, ఆ వాసన సోఫా గుడ్డల్లో, నా స్కూలు యూనిఫారంలో మూడోనాటి దాకా ఉండిపోయేది. తలుపులు తీయకపోవడానికి కారణం నేను. నాకు ఉబ్బసం. ఎడారి దుమ్ము మోసుకొచ్చే షమాల్ గాలి లేచి ఆకాశం గోధుమరంగులోకి తిరిగిన రోజున అమ్మ తడి తువ్వాళ్ళు మెలితిప్పి కిటికీ సందుల్లో, గుమ్మాల కింద కుక్కేది. కర్పూరం కలిపి కాచిన కొబ్బరినూనె నా వీపుకి రాసి, అక్కడే చెవి ఆనించి చాలాసేపు వినేది. లోపల పిల్లికూతలు ఉన్నాయో లేదో ఆమెకి ఏ డాక్టరుకన్నా ముందు తెలిసేది. ఇంట్లో ఒక్కతే కూతుర్ని, పైగా రోగిష్టిని. అమ్మ మొత్తం నాదేనని అనుకునేదాన్ని. అలా అనుకోవడానికి నాకు అన్ని హక్కులూ ఉన్నాయనుకునేదాన్ని.

శుక్రవారం పొద్దున మా హాల్లో ప్రార్థన జరిగేది. అప్పట్లో అక్కడ చర్చి లేదు. మన గోదావరి జిల్లాల వాళ్ళు, కృష్ణా వాళ్ళు, ఎవరికి డ్యూటీ లేకపోతే వాళ్ళు వచ్చి చాపల మీద కూర్చుని గొంతు తగ్గించి పాటలు పాడేవాళ్ళు. ఆ కూడికకే సరోజినీ ఆంటీ తన కూతురు జెస్సీని తీసుకుని వచ్చేది. ఆవిడది భీమవరం. భర్త పోయాక, పిల్లను వెంటబెట్టుకుని వచ్చి అల్ ఖోర్ హెల్త్ సెంటర్‌లో నర్సుగా చేరింది. అమ్మను రత్నక్కా అని పిలిచేది. ఆవిడకి శుక్రవారాలు కూడా డ్యూటీలు పడుతుండేవి. అలాంటప్పుడు జెస్సీని పొద్దున్నే మా ఇంట్లో దింపి, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేది. జెస్సీది నా వయసే, నా క్లాసే, దోహాలో ఉన్న మా స్కూలుకి వెళ్ళే బస్సులో నా పక్క సీటే. సన్నగా, పొడుగ్గా, ఎండకి కమిలిన మోచేతులతో ఉండేది. ఎక్కడ నిచ్చెన కనిపించినా ఎక్కేది. మొదట్లో నాకు ఆమె అంటే ఇష్టమే. ఇది చెప్పడం అవసరం, ఎందుకంటే తరువాత అంతా వేరే.

నాన్న ఆఫీసులో అబూ నాసర్ అని ఒక ఖతారీ పెద్దమనిషి ఉండేవాడు. నెమ్మదస్తుడు. చలికాలంలో శుక్రవారాలు మధ్యాహ్నం మమ్మల్ని తన తోటకి రమ్మనేవాడు. ఊరు దాటి, రాళ్ళ ఎడారిలో చాలాదూరం పోయాక, నేల కాస్త పల్లంగా ఉన్నచోట హఠాత్తుగా ఖర్జూరపు చెట్లు, పశువులకి వేసే పచ్చగడ్డి మళ్ళు, మేకల దొడ్డి, బావి మీద డబడబలాడే పంపు కనిపించేవి. అక్కడ ఆయన తల్లి ఉండేది. ముఖానికి ఇత్తడి రేకులా మెరిసే ముసుగు పెట్టుకుని, చెట్ల నీడలో చాప వేసుకుని కూర్చునేది. ఆవిడ చిన్నతనంలో ఆ తోటలో మట్టితో కట్టిన పావురాల బురుజు ఉండేదట. వానలకి అది ఎప్పుడో కూలిపోయింది. మళ్ళీ కట్టించమని ఆవిడ కొడుకుని పోరుతోంది. పావురాల రెట్ట ఖర్జూరాలకి మంచి ఎరువని ఆయన అన్నాడు గాని, అది పైపై మాట. ఆవిడకి ఆ రెక్కల చప్పుడు కావాలి. కంపెనీ సైటు నుంచి హాలో బ్లాకులు తెప్పించి, ఇద్దరు మేస్త్రీలను పెట్టి పని మొదలుపెట్టించాడు. గుండ్రటి గోడ మోకాలెత్తు లేచాక, ఆ మేస్త్రీలకి వేరే క్యాంప్‌కి పిలుపు వచ్చి వెళ్ళిపోయారు. తరువాత మేం వెళ్ళిన ప్రతిసారీ ఆ గోడ అలాగే, సగం తిని వదిలేసిన కంచంలా ఉండేది.

బుర్జ్ అని అబూ నాసర్ అనగానే అమ్మకి అర్థమైంది. మన బురుజే కదండీ అని నవ్వింది. ఆ తరువాత నవ్వలేదు. గోడ చుట్టూ తిరిగింది, వంగి చూసింది, అరచేత్తో బ్లాకుల వరసని తడిమింది. అమ్మ తండ్రి పాలకొల్లు దగ్గర ఊళ్ళో తాపీ మేస్త్రి. ఆయనకి అందరూ ఆడపిల్లలే. పెద్దదైన అమ్మను చిన్నప్పటి నుంచీ పనుల మీదికి తీసుకెళ్ళేవాడు. ఇటుకలు అందించడంతో మొదలుపెట్టి గోడ కట్టడం, పూత పూయడం దాకా ఆమె నేర్చుకుంది. నాన్న వాళ్ళది బడిపంతుళ్ళ కుటుంబం. పెళ్ళయ్యాక ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అమ్మ కూడా ఎత్తలేదు. ఆ సాయంత్రం, కారు ఎక్కబోతూ, నాన్నతో అంది.

"మధ్యలో వదిలేసిన గోడ చూస్తుంటే నాకు చెయ్యి ఊరుకోవట్లేదండి. నేను కట్టనా?"

నాన్న ఆమె వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తరువాత, ఎలాగూ ఆయన నవ్వి ఊరుకుంటాడనే ధైర్యంతో కావచ్చు, అబూ నాసర్‌కి చెప్పాడు. ఆయన నవ్వలేదు. వెళ్ళి తల్లితో చెప్పాడు. ఆవిడ అమ్మని దగ్గరికి పిలిచి, చాప మీద కూర్చోబెట్టుకుని, ముసుగు వెనకనుంచి కాసేపు చూసి, ఒకే ఒక్క మాట అంది. "యల్లా." కానివ్వమని.

ఆ వారమంతా ఇంట్లో అమ్మ వేరుగా ఉంది. పప్పు గరిటెతో తిప్పుతూ ఆగిపోయేది. దోహాలో ఎవరి చేతనో తాపీ తెప్పించుకుని, దాని పిడి చేతికి సరిపోవడం లేదని పాత గుడ్డపేలికలు చుట్టుకుంది. శుక్రవారం ప్రార్థన అవగానే పులిహోర, వేయించిన చేపముక్కలు క్యారేజీలో సర్ది, నాన్న పాత చొక్కా ఒకటి చీర మీద తొడుక్కుని, అందరికన్నా ముందు కారెక్కి కూర్చుంది. నాకు అప్పటికి సంతోషంగానే ఉంది. మా అమ్మ బురుజు కడుతుంది, నేను పక్కన ఉంటాను, అంతే నేను ఊహించుకున్నది.

అక్కడ ఏం జరిగిందో ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. తోటలో పనిచేసే కరీమ్ అనే పాకిస్తానీ సిమెంటూ ఇసకా కలిపి మాలు తయారుచేశాడు. అమ్మ ఆ గోడ మధ్యలో ఇనుప ఊచ దిగ్గొట్టి, దానికి తాడు కట్టి, తాడు చివర పట్టుకుని చుట్టూ తిరుగుతూ గుండ్రం సరిచూసుకుంది. తరువాత బ్లాకుల్ని అందరూ పెట్టినట్టు నిలువుగా కాక పక్కకి పడుకోబెట్టింది. అలా పెడితే వాటి డొల్లలు బురుజు లోపలివైపుకి తెరుచుకుని ఒక్కొక్కటీ ఒక్కో గూడు అవుతుంది. బయటివైపు మాలుతో మూసేస్తే చాలు. అయితే ఆ మూతని లోపలినుంచి కూడా నునుపుగా అదమాలి, లేకపోతే గరుకుకి పావురం పిల్లల కాళ్ళు చెక్కుకుపోతాయి. అమ్మ చెయ్యి లావు, లోపలికి పోవడం లేదు. ఆంటీకి డ్యూటీ పడడంతో ఆ రోజు మాతో వచ్చిన జెస్సీ, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి, లంగా ఎత్తి దోపుకుని, సన్నటి చెయ్యి మోచేతి దాకా ఆ డొల్లలోకి పోనిచ్చి అదిమింది. అమ్మ చూసి, అబ్బో అంది. అంతే. నేను చాప మీదనుంచి లేచాను. నా చెయ్యీ సన్నదే. ఇంకా చెప్పాలంటే జెస్సీకన్నా నాదే సన్నం. అమ్మ వెనక్కి తిరగనైనా తిరగకుండా, శాంతీ నువ్వక్కడే ఉండు, సిమెంటు లేస్తోంది, నీకు పడదు అంది.

నీకు పడదు. ఆ చలికాలమంతా నేను విన్న మాట అదే. గోడ పెరిగింది. ఖాళీ డ్రమ్ముల మీద చెక్కలు వేసి పరంజా కట్టారు. అమ్మా జెస్సీ దాని మీద నిలబడేవాళ్ళు. నేను కింద, గాలి ఎదురుగా రాని వైపు, అబూ నాసర్ తల్లి, ఆ పెద్దావిడ పక్కన చాప మీద, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చునేదాన్ని. పుస్తకంలో ఒక్క అక్షరం చదివిన గుర్తు లేదు. వాళ్ళు పైన ఏం మాట్లాడుకుంటున్నారో పంపు చప్పుడులో వినపడేది కాదు. వాళ్ళు నవ్వినప్పుడు మాత్రం వినపడేది. అమ్మ ఇంట్లో నా దగ్గర అలా నవ్వదు. నా దగ్గర ఆమె ఎప్పుడూ చెవి ఒగ్గి నా ఊపిరి వింటూ ఉంటుంది. జెస్సీ ముందు ఆమెకి ఆ భయం లేదు. గట్టి పిల్ల, పడితే లేస్తుంది. అమ్మ దానికి తాపీ ఎలా పట్టాలో, మాలు ఎంత తీసుకోవాలో, మణికట్టు ఎలా తిప్పితే అది గోడకి పట్టుకుంటుందో చేయి పట్టి చూపించేది. నాకు అమ్మ నేర్పినవన్నీ గుర్తు చేసుకున్నాను. మందు ఎప్పుడు వేసుకోవాలి, ఏం తినకూడదు, దుమ్ము లేస్తే ముక్కుకి ఏం అడ్డం పెట్టుకోవాలి. అవీ పాఠాలేనా అని కడుపు రగిలిపోయేది.

చిన్నచిన్న వాటికి ఎక్కువ ఉడుక్కునేదాన్ని. నాన్న పాత చొక్కా ఇంకొకటి జెస్సీకి ఇచ్చింది అమ్మ. అది దాన్ని మోకాళ్ళ దాకా వేసుకుని రాణిలా తిరిగేది. భోజనాల దగ్గర, పని చేసిన పిల్ల కదా అని, చేప నడుం ముక్క దాని కంచంలో పడేది. ఒకరోజు తిరిగొచ్చాక అమ్మ జెస్సీని సోఫాలో కూర్చోబెట్టుకుని, సిమెంటుకి పగిలిన దాని వేళ్ళకి కొబ్బరినూనె రాస్తోంది. నా నూనె సీసాలోదే. నేను వెళ్ళి పక్కన కూర్చుని నా చేతులు కూడా చాపాను. నీ చేతులకేమైందే, బాగానే ఉన్నాయిగా అంది అమ్మ. నిజమే, నా చేతులు ఏ పనీ చెయ్యని చేతులు. లోపలికెళ్ళి తలుపు వేసుకుని, జెస్సీకి కూడా ఉబ్బసం రావాలని కోరుకున్నాను. వెంటనే వద్దనుకున్నాను. దేవుడి మీద భయంతో కాదు. వస్తే అమ్మ దాని వీపుకి కూడా చెవి ఆనిస్తుందేమోనని.

ఆ తోటలో నా సంగతి కనిపెట్టింది ఒక్క పెద్దావిడే. మా ఇద్దరికీ మాటలు కలిసే వీలు లేదు. ఆవిడ నాకు ఖర్జూరాలు వలిచి పెట్టేది, యాలకుల వాసనొచ్చే కాఫీ చిన్న కప్పులో పోసి చేతికిచ్చేది. ఒకనాడు నేను పరంజా వైపే చూస్తుంటే, ఆవిడ నా గడ్డం పట్టి తన వైపు తిప్పుకుని, నెమ్మదిగా అంది.

"ఇంతి గైరానా."

నాన్న అక్కడే ఉన్నాడు. ఏమంటోంది అని అడిగితే, అలిసిపోయావంటోందమ్మా అన్నాడు. నాన్నకి ఆఫీసులో ఇరవై మాటల అరబ్బీ వచ్చు, ఈ మాట రాలేదేమోననుకున్నాను. స్కూల్లో మాకు అరబ్బీ క్లాసు ఉండేది. మర్నాడు ఆ మాటకి అర్థమేమిటని టీచర్ని అడిగాను. ఒకరిని చూసి ఓర్వలేని పిల్లని అలా అంటారని ఆయన చెప్పాడు. ఎక్కడ విన్నావని అడిగితే టీవీలో అన్నాను. అర్థం చెప్పేటప్పుడు నాన్న నా వైపు చూడకపోవడం గుర్తొచ్చి, ఆయనకి ఆ మాట వచ్చుననీ, కావాలనే మార్చి చెప్పాడనీ నాకు అప్పుడే తెలిసిపోయింది. నాన్నకి తెలుసు, పెద్దావిడకి తెలుసు. అమ్మకొక్కదానికే తెలియదు. లేదా తెలిసినా దిగి రావడం లేదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ కష్టమో ఆ వయసులో తేల్చుకోలేకపోయాను.

చలి తగ్గుముఖం పట్టిన ఒక శుక్రవారం సరోజినీ ఆంటీకి సెలవు దొరికింది. ఆవిడ కూడా మాతో తోటకి వచ్చింది. అప్పటికి బురుజు మనిషికి రెట్టింపు ఎత్తు లేచింది. కింద భాగానికి అమ్మ తెల్లటి సున్నపు పూత నున్నగా పూసింది, పాములూ పిల్లులూ పట్టు దొరక్క జారిపోవాలని. ఆంటీ దాన్ని చూసి నోరు తెరిచింది. నా జెస్సీ ఇంట్లో ఎప్పుడు చూడూ ఇదే గోల, ఆంటీ ఇలా కట్టింది, ఆంటీ అలా పూసింది అని, నేను నమ్మలేదక్కా అంది. నా పక్కనే చాప మీద కూర్చుని, మా ఇద్దరికీ కంచాల్లో పులిహోర పెడుతోంది. పైన జెస్సీ బ్లాకు ఎత్తి పట్టుకుని ఉంది. అమ్మ వెనక్కి తిరిగి మాలు తీసుకుంటోంది. అప్పుడే బావి దగ్గర పంపు ఆగింది. తోటంతా ఒక్కసారి నిశ్శబ్దమై, జెస్సీ గొంతు స్పష్టంగా వినిపించింది.

"అమ్మా, ఇదిక్కడ పెట్టేయనా?"

"ఊఁ, పెట్టేయమ్మా" అంది అమ్మ, చేతిలో పని చూసుకుంటూ.

వాళ్ళిద్దరూ ఏమీ గమనించలేదు. అదే అసలు సంగతి. గమనించి ఉంటే నాలుక కరుచుకునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు, అయిపోయేది. ఆ మాట వాళ్ళ మధ్య మామూలుగా వచ్చి మామూలుగా పోయింది. పక్కకి చూశాను. సరోజినీ ఆంటీ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆవిడ ముఖం నాకు బాగా తెలిసిన ముఖం. స్నానాల గదిలో అద్దంలో ఆ చలికాలమంతా నేను చూసుకున్నది అదే. పెద్దవాళ్ళకి కూడా ఇది వస్తుందని, వచ్చినప్పుడు వాళ్ళు కూడా ఇలాగే పెదవులు బిగబట్టుకుని ఎటో చూస్తారని నాకప్పటిదాకా తెలియదు. ఆవిడ గరిటె కింద పెట్టి, తినమ్మా అని నాకు కంచం అందించింది. తను తినలేదు.

కొన్ని వారాలకి ఆవిడ మా ఇంటికి వచ్చింది, జెస్సీ లేకుండా, ఒక్కతే. అమ్మ వంటింట్లో చేపలు కడుగుతోంది. నేను హాల్లో లెక్కలు చేసుకుంటున్నాను. వంటింటికి తలుపు లేదు, తెరే.

"రత్నక్కా, వచ్చే నెల నుంచి నాకు దోహాలో డ్యూటీ. అడిగి వేయించుకున్నాను."

"అడిగి దేనికే? ఇక్కడ నీకేం తక్కువైంది?"

"తక్కువేం కాలేదు. ఎక్కువైంది." కుళాయి ధార పడుతూనే ఉంది. "దానికి అమ్మను నేనొక్కదాన్నున్నాను కదక్కా. చాలనుకుంటున్నాను."

అమ్మ కుళాయి కట్టేసింది. "నేనేం చేశాను సరోజినీ?"

"నువ్వేం చెయ్యలేదు. ఏదన్నా చేసుంటే ఇంత బాధ ఉండేది కాదు."

తరువాత వాళ్ళిద్దరూ టీ తాగారు. మామూలు కబుర్లే చెప్పుకున్నారు. దోహాలోని నజ్మాలో గది దొరికిందని, కింద మనవాళ్ళ హోటలు ఉందని, స్కూలు దగ్గరవుతుందని ఆంటీ చెప్పింది. అమ్మ అన్నింటికీ మంచిదే, మంచిదే అంది. ఆవిడ వెళ్ళాక అమ్మ మిగిలిన చేపలు కడగలేదు. నేను వెళ్ళి చూస్తే గట్టు దగ్గర నిలబడి, తడి చేతులు అలాగే ఉంచుకుని, కిటికీలోంచి చూస్తోంది. ఆ కిటికీలోంచి కనిపించేది పక్క క్వార్టర్ గోడ మాత్రమే. నా మనసులో ఏముందో దాచుకోను. పండగలా ఉంది. నేను ఏమీ చెయ్యలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు, నా కోరిక దానంతటదే నెరవేరింది.

వెళ్ళేముందు జెస్సీ వచ్చింది. నాన్న చొక్కా ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చింది. ఉంచుకోవే అంది అమ్మ. పావురాలు వచ్చినప్పుడు నాకు చెప్తారా ఆంటీ అని అడిగింది జెస్సీ. ఆంటీ అనే అంది, నేను జాగ్రత్తగా విన్నాను. చెప్తానంది అమ్మ. దాని తల మీద చెయ్యి వేసింది గాని, దగ్గరికి తీసుకోలేదు. ఎవరిదో వస్తువు తిరిగి అప్పజెప్పేటప్పుడు మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇక బురుజు పై వరసలు మిగిలాయి. నేను పైకి వస్తానన్నాను. అమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఈసారి పడదు అనలేదు. తడి తువ్వాలు ముక్కూ నోరూ కప్పి తల వెనక గట్టిగా ముడివేసి, పద అంది. పరంజా ఎక్కాను. అంతకాలం ఏ చోటు కోసం కుళ్ళి చచ్చానో ఆ చోట నిలబడ్డాను. చెక్క ఊగుతోంది. కిందికి చూడకుండా గోడ పట్టుకున్నాను. మాలు గోళ్ళలోకి పోయి మండింది. డొల్లలో చెయ్యి పెడితే లోపల ఏ పురుగుందోనని ఒళ్ళు జలదరించింది. నాకు ఆ పని ఏ మాత్రం నచ్చలేదు. నాకు కావలసింది పని కాదు, అమ్మ నవ్వు. ఆమె నవ్వలేదు. నా చేతిలో బ్లాకు అందుకుంటూ, తువ్వాలు జారిందేమో చూస్తూ, ఆయాసం వస్తోందా అని మాటిమాటికీ అడిగింది. సాయంత్రానికి వచ్చింది కూడా. రెండు రోజులు స్కూలు మానేశాను. తరువాతి శుక్రవారం నా అంతట నేనే చాప మీద కూర్చున్నాను. అమ్మ మిగిలిన వరసలు ఒక్కతే కట్టింది.

ఎండలు ముదరకముందే పని పూర్తయింది. పైన చిన్న చిన్న కంతలు, ప్రతి కంత కింద పావురం వాలడానికి ఖర్జూరపు కర్ర, అడుగున ఎరువు తీసుకోవడానికి మనిషి వంగి దూరేంత తలుపు. అబూ నాసర్ దోహా సూక్ బజారు నుంచి పావురాల జతలు తెచ్చాడు. చోటు అలవాటయ్యేదాకా కంతలకి వల బిగించి, లోపలే గింజలూ నీళ్ళూ పెట్టారు. వల విప్పిన రోజు అందరం వెళ్ళాం. పావురాలు ఒక్కసారిగా లేచి, తోట మీద తిరిగి, ఖర్జూరాల మీదుగా ఎటో వెళ్ళిపోయాయి. పెద్దావిడ చాప మీద కదలకుండా కూర్చుంది. చాలాసేపటికి ఒకటి వచ్చింది. తరువాత ఇంకో రెండు. పొద్దు వాలేసరికి చాలావరకు తిరిగొచ్చి, లోపలినుంచి గువ్వగువ్వ అని గొణుగుడు మొదలైంది. పెద్దావిడ లేచి అమ్మ దగ్గరికి వచ్చి, ముసుగు కొంచెం ఎత్తి, ఆమె నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. నాన్న, మా ఆవిడే కట్టింది అని, అక్కడ ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే అయినా, హిందీలో కరీమ్‌కి మళ్ళీ చెప్పాడు.

అమ్మ తల పైకెత్తి చూస్తూ నిలబడింది. నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి నొక్కింది. నొక్కి, జెస్సీ చూడాల్సింది అంది. ఒక్కసారే అంది, తరువాత ఎప్పుడూ అనలేదు. ఎదురుగా ఉన్న మనిషితోనైతే పోటీ పడొచ్చు. లేని మనిషితో ఎవరూ గెలవలేరని నాకు ఆ సాయంత్రం అర్థమైంది.

తరువాత మేం తిరిగి వచ్చేశాం. అమ్మకన్నా ముందే నాన్న పోయాడు. జెస్సీ విశాఖపట్నంలో కాలేజీలో పాఠాలు చెబుతోంది. ప్రతి క్రిస్మస్‌కీ అమ్మకి ఫోన్ చేసేది. ఆ ఫోన్ వస్తే అమ్మ డాబా మీదికి తీసుకెళ్ళి మాట్లాడేది, ఎదిగొస్తున్న కూతురున్న నేను వంటింట్లో నిలబడి, ఎంతసేపైందో గోడ గడియారంలో చూసుకునేదాన్ని. ఇప్పుడు నా కూతురు తన సంగీతం మేడమ్ గురించి రోజూ అన్నం దగ్గర చెబుతుంది. మేడమ్ ఇలా అంది, మేడమ్ అలా నవ్వింది. నేను ఊఁ కొడుతూ వింటాను. అమ్మలా గమనించకుండా ఉండడం నాకు చేతకాదు, సరోజినీ ఆంటీలా ఊరు మార్చే ధైర్యమూ లేదు. పిల్లలు ఎక్కడెక్కడ అమ్మల్ని వెతుక్కుంటారో, కన్నవాళ్ళకి అది ఎందుకు అంత మంటగా ఉంటుందో, వయసు వచ్చినంత మాత్రాన తెలిసిపోదు. అప్పట్లో అమ్మను ఎవరైనా తీసుకుపోతారని భయం. ఇప్పుడు తీసుకుపోవడానికి అమ్మే లేదు. అయినా ఆ భయం అలాగే ఉంది.

అమ్మ జ్ఞాపకార్థ కూడిక అయిన కొన్ని నెలలకి భీమవరంలో ఒక పెళ్ళికి వెళ్ళి, పనిగట్టుకుని సరోజినీ ఆంటీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆవిడ బాగానే ఉంది. ఇంటి ముందు గదిలో ఇప్పటికీ చుట్టుపక్కల వాళ్ళకి బీపీ చూస్తుంది, ఇంజక్షన్లు చేస్తుంది. నన్ను చూసి గుర్తుపట్టి, ఆయాసం తగ్గిందా అని మొదట అదే అడిగింది. టీ పెట్టి తెచ్చింది. అమ్మ సంగతులన్నీ చెప్పించుకుంది, ఆఖరి రోజులు, ఆఖరి మాటలు. బురుజు మాట కూడా వచ్చింది. మీ అమ్మంటే నాకు చాలా గౌరవం, కాని ఆ మనిషిని ఇప్పటికీ క్షమించలేదే అమ్మాయ్ అని చెప్పి తనే నవ్వేసింది. నేనూ నవ్వాను. ఆ ఒక్క విషయంలో ఈ భూమ్మీద నన్ను అర్థం చేసుకోగలిగిన మనిషి ఆవిడే. తరువాత ఆవిడ కప్పు సాసర్‌లో సరిగ్గా పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా అడిగింది.

"మీ అమ్మ పోయిందని తెలిసినప్పుడు జెస్సీ ఏడ్చిందా?"

ఏడ్చిందని చెప్పాను. ఫోన్లో చాలాసేపు మాట్లాడలేకపోయిందని చెప్పాను. నాకన్నా ఎక్కువ ఏడ్చిందని చెప్పలేదు.

ఆవిడ తల ఊపింది. బయట ఎవరో ఇంజక్షన్ కోసం వచ్చి పిలుస్తున్నారు. వస్తున్నా కూర్చో అని కేక వేసింది గాని లేవలేదు.

"నాకు అంత ఏడుస్తుందంటావా?"

"అదేం మాట ఆంటీ. ఇంకా ఎక్కువే ఏడుస్తుంది" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. అమ్మ నా ఊపిరి విన్నట్టుగా, అంత శ్రద్ధగా, నా మాటలో ఎంత నిజముందో వింటున్నట్టు చూసింది. తరువాత లేచి, చీర సర్దుకుని, బయట ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళింది.